పుట్టి ధాన్యం - పిల్లవాడి ఫీజు: నెల్లూరు మధ్యతరగతిపై విద్యావ్యయ భారం

నెల్లూరు ప్రాంతంలో ధాన్యాన్ని పుట్లలో లెక్కిస్తారు. ఇక్కడి పుట్టి 850 కిలోలు. 2021-22లో ఏ-గ్రేడు ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,960 రూపాయలు. ఆ లెక్కన పుట్టి విలువ 16,660 రూపాయలు. అదే ఏడాది ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం 53, 54 నంబరు ఉత్తర్వులతో ప్రైవేటు విద్యాసంస్థల ఫీజులకు పరిమితి విధించింది. నగరపాలక సంస్థల పరిధిలో ఉన్నత పాఠశాల విద్యకు ఏటా 18,000, ఇంటర్మీడియట్ ఎం.పి.సి., బై.పి.సి. గ్రూపులకు 20,000 రూపాయలు. నెల్లూరు నగరం ఈ కోవలోకే వస్తుంది. అంటే ప్రభుత్వం కట్టడి చేసిన ఫీజుకే ఒక్కో బిడ్డకు పుట్టికి మించిన ధాన్యం కావాలి. అది స్థూల విలువ మాత్రమే. సాగు ఖర్చు, కౌలు అందులో తీసివేయలేదు.

ఆ కట్టడి కూడా నిలవలేదు. యాజమాన్యాల అభిప్రాయాలను పరిగణించలేదన్న కారణంతో 2021 డిసెంబరులో హైకోర్టు రెండు ఉత్తర్వులనూ కొట్టివేసింది.

వెంకటగిరి రాజుల దాతృత్వంతో ఎదిగిన వి.ఆర్. విద్యాసంస్థలు ఈ ఊరివే. 1979లో గణిత ట్యూషన్ కేంద్రంగా మొదలైన నారాయణ సంస్థల పుట్టుకా ఇక్కడే. విద్య దానం నుండి విపణికి సాగిన దారిని పరిశోధకుడు వెతుక్కుంటూ వేరే ఊరికి పోనక్కరలేదు.

అసలు చిక్కు సహాయ పథకాల అంచున ఉంది. జగనన్న విద్యాదీవెనకు కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలుగా ఉండేది. ఆదాయం 2.4 లక్షలైన ఇంటికి పూర్తి బోధనా రుసుము తిరిగి దక్కేది, 2.6 లక్షలైన ఇంటికి ఏమీ వచ్చేది కాదు. ఆదాయం పెరిగిన పదో, ఇరవయ్యో వేలకు మించి ఫీజు మీద పడేది. మెట్లు లేని ఈ గీత వల్ల కాగితం మీద ఆదాయాన్ని తగ్గించి చూపే ఒత్తిడి పుట్టేది. జీతపు చీటీ ఉన్న చిరుద్యోగికి ఆ వెసులుబాటూ ఉండేది కాదు. ప్రైవేటు కోచింగుపై విధించే 18 శాతం జి.ఎస్.టి.కి మాత్రం ఆదాయ పరిమితి లేదు.

మిగిలేది అప్పు. పూచీకత్తు లేకుండా బ్యాంకులిచ్చే విద్యారుణానికి హామీ నిధి పథకం కింద హద్దు 7.5 లక్షలు. అది కళాశాల చదువుకే. బడి ఫీజుకు, ఇంటర్ హాస్టలుకు బంగారం తాకట్టో, చీటీ పాటో, వ్యాపారి బదులో దిక్కు. జూన్‌లో ఫీజు కట్టాల్సిన రైతు మార్చి, ఏప్రిల్ నెలల్లో పంట చేతికొచ్చిన వెంటనే, ధర కోసం ఆగకుండా అమ్ముకుంటాడు. ఆ తొందరలో పోయే మొత్తం ఏ విద్యావ్యయ సర్వే పట్టికలోనూ ఫీజు కింద నమోదు కాదు.