గాలికి చోటివ్వని చేవ

తూర్పు ఆఫ్రికాలో మ్‌పింగో అని పిలిచే చెట్టు టాంజానియా జాతీయ వృక్షం. శాస్త్రనామం డాల్బెర్జియా మెలనాక్సిలాన్. మన జిట్రేగికి దాయాది. క్లారినెట్, ఓబోల గొట్టాలు ఎక్కువగా దీని నల్లని చేవతోనే చేస్తారు. దీన్ని ఎబొనీ అనడం పాత పొరపాటు. ఎబొనీ మన తునికి జాతికి చెందింది. మ్‌పింగోది చిక్కుడు కుటుంబం.

ఏ చెట్టుదైనా కణాల గోడల సాంద్రత దాదాపు ఒకటే, నీటికి ఒకటిన్నర రెట్లు. తేడా అంతా గోడల మధ్య ఖాళీలోనే ఉంది. టేకులో సగానికి పైగా ఖాళీయే. ఘనపు మీటరు 1,200 కిలోలు దాటే మ్‌పింగోలో ఖాళీ ఐదో వంతు కూడా ఉండదు. నీళ్లలో వేస్తే మునుగుతుంది. కణాల్లో పేరుకున్న నల్లని పదార్థాలు నూనెగుణంతో తేమను కూడా అడ్డుకుంటాయి.

వాద్యానికి ఈ దట్టదనమే ప్రాణం, అయితే చాలామంది అనుకునే కారణంగా కాదు. చెక్క కంపించడం వల్లే క్లారినెట్‌కు ఆ నాదం వస్తుందని చాలామంది వాదకులు నేటికీ నమ్ముతారు. భౌతికశాస్త్రవేత్త డేటన్ మిల్లర్ కూడా 1909లో గొట్టం పదార్థాన్ని బట్టి నాదం మారుతుందనే వాదించాడు. 1964లో మరో భౌతికశాస్త్రవేత్త జాన్ బాకస్ కొలిచి చూస్తే, క్లారినెట్ గోడ కంపనం నుంచి వచ్చే ధ్వని లెక్కలోకి రానంత స్వల్పమని తేలింది. పాడేది లోపలి గాలి స్తంభమే. మరి చెక్క చేసే మేలేమిటి? గోడను ఆనుకుని సుమారు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న గాలి పొర ఉంటుంది. రాపిడి వల్ల, ఉష్ణ మార్పిడి వల్ల నాదశక్తి హరించుకుపోయేది ఆ పొరలోనే. గోడ గరుకుగా ఉన్నా, చెక్కలోని సూక్ష్మ రంధ్రాలు గాలిని పీల్చినా నష్టం పెరుగుతుంది. మ్‌పింగో గోడ అద్దంలా నునుపుదేరుతుంది, గాలిని పీల్చదు. స్వర రంధ్రాల అంచులు కోసినట్టే నిలుస్తాయి. ఆ అంచుల ఆకారం కూడా నాదాన్ని మారుస్తుంది.

ఈ చెక్కతో పని మాత్రం కఠినం. ఉలి, రంపం త్వరగా మొద్దుబారతాయి. తరిణె మీద లోహంలా తెగుతుంది, మరలు కూడా కోయవచ్చు. ఆరడానికి ఏళ్లు పడుతుంది. తొందరపడితే నెర్రెలు విచ్చుతుంది, అందుకే దుంగల కొనలకు మైనం పూస్తారు. దుమ్ము చర్మానికి, ఊపిరితిత్తులకు హాని.

మాను వంకరటింకర, ముడతలమయం. పక్వానికి 70 ఏళ్లకు పైగా పడుతుంది. కోసిన దుంగలో వాద్యానికి పనికొచ్చేది నూటికి పది వంతులైనా ఉండదు. మిగతాదాంట్లో చాలా భాగం వృథా కావడం అన్యాయం. 2017 నుంచి ఈ కలప అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలో ఉంది. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు.