కండ కోసం వేసే సూది, గుండె మోసే భారం

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు చేరువలో ఉన్న బోరబండ, కృష్ణానగర్ బస్తీలలో ఫైటర్‌గానో, జూనియర్ ఆర్టిస్టుగానో అవకాశం కోసం ఎదురుచూస్తూ జిమ్ముకు వెళ్లే యువకులను ఒక అపోహ ప్రమాదంలోకి నెడుతోంది. ఇంజెక్షన్ వేసుకుంటే కండ మాత్రమే పెరుగుతుందని, గుండె వేరే అవయవం కనుక దానికి ఏమీ కాదని దాని సారాంశం. హైదరాబాద్ జిమ్ములకు దొంగచాటుగా చేరే మెఫెంటర్మిన్ సూదులను ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్న తరువాత కూడా ఈ మాట చెలామణిలో ఉండటం ఆందోళన కలిగించే విషయం.

వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటును నిలబెట్టడానికి ఆపరేషన్ థియేటర్లలో వాడే మందు మెఫెంటర్మిన్. అది భుజంలోని కండను ఒక్క పోగు కూడా పెంచదు. బరువులెత్తే రేఖిత కండరంలో పొడవైన, అనేక కేంద్రకాలు గల తంతువులుంటాయి. వాటిలో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రొటీన్ పోగులు సుమారు 2 మైక్రోమీటర్ల పొడవున్న సార్కోమియర్లుగా వరుసదీరి, మెదడు ఆజ్ఞ అందినప్పుడు ఒకదానిలోకి ఒకటి జారి కండను కుదిస్తాయి. మెఫెంటర్మిన్ ప్రధానంగా పనిచేసేది ఈ తంతువుల మీద కాదు. నాడుల చివరల నుండి నార్ఎడ్రినలిన్‌ను విడుదల చేయించి, రక్తనాళాల గోడల్లో చారలు లేకుండా, కదురు ఆకారంలో ఉండే నునుపు కండర కణాలను బిగిస్తుంది, హృదయ కండరాన్ని పరుగెత్తిస్తుంది. అలసట తెలియక మరో నాలుగు సెట్లు చేసిన యువకుడు దానిని బలమని భ్రమపడుతున్నాడు గాని, ఆ సమయంలో బిగిసిన నాళాలకు ఎదురొడ్డి రక్తాన్ని నెడుతున్నది అతని గుండె.

కండ కోసమే తీసుకునే టెస్టోస్టెరాన్ వర్గపు స్టెరాయిడ్ల విషయంలో మాత్రం ఒక మాట ఒప్పుకోక తప్పదు: అవి కండను నిజంగానే పెంచుతాయి. 1996లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో వారానికి 600 మిల్లీగ్రాముల చొప్పున 10 వారాలు టెస్టోస్టెరాన్ హార్మోన్ తీసుకున్నవారికి, వ్యాయామం చేయకపోయినా, కొవ్వు మినహా శరీర బరువు సగటున 3 కిలోలకు పైగా పెరిగింది. అయితే ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు హృదయ కండర కణాల్లోనూ ఉన్నాయి. ఈ కణాలకూ చారలుంటాయి, కాని ఇవి కొమ్మలుగా చీలి, ఇంటర్‌కలేటెడ్ డిస్కులనే అతుకుల ద్వారా ఒకదాని విద్యుత్ సంకేతాన్ని మరొకదానికి అందిస్తూ, ఒక్క క్షణం విశ్రాంతి లేకుండా కలిసి కొట్టుకుంటాయి. దాని ప్రభావంతో గుండె గోడ అతిగా మందమై, మధ్యమధ్య పీచు కణజాలం చేరితే ఆ సంకేతం దారి తప్పుతుంది. రేఖిత కండరానికి గాయమైతే పూడ్చడానికి శాటిలైట్ కణాలున్నాయి. గుండెలో యవ్వనంలో సైతం ఏడాదికి దాదాపు 1 శాతం కణాలే కొత్తవిగా మారతాయి కనుక పోయిన కణం స్థానంలో మిగిలేది మచ్చే. 2017లో 140 మంది బరువులెత్తేవారిని పరీక్షించినప్పుడు, గుండె ఎడమ జఠరిక తనలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి నెట్టే వంతు స్టెరాయిడ్లు వాడనివారిలో సగటున 63 శాతం ఉండగా, వాడినవారిలో 52 శాతమే ఉంది.

జిమ్ముల్లో వినిపించే మిగిలిన అపోహలకు ఇంత చర్చ అనవసరం. జిమ్ము మానేస్తే కండ కొవ్వుగా మారదు, ఎందుకంటే అవి రెండూ వేర్వేరు కణజాలాలు. మరునాటి ఒళ్లునొప్పులకు కారణం లాక్టిక్ ఆమ్లం కాదు, అది వ్యాయామం ముగిసిన గంటలోపే చాలావరకు తొలగిపోతుంది. సార్కోమియర్ల అంచుల్లో పడిన సూక్ష్మ చిరుగులే ముఖ్య కారణం. తెలుగు తెర మీద 2007 నాటి ‘దేశముదురు’తో మోజుగా మారిన సిక్స్ ప్యాక్‌లో పలకల సంఖ్యను నిర్ణయించేది పుట్టుకతో వచ్చిన స్నాయు గీతలే గనుక, ఆరును ఎనిమిది చేయిస్తానని డబ్బు అడిగే శిక్షకుడిని నమ్మనక్కరలేదు.

వైద్యుడి చీటీ లేకుండా, మందు పేరు చెప్పకుండా ఎవరైనా సూది ఇవ్వబోతే నిరాకరించాలి. ఇప్పటికే వాడుతున్నవారు రక్తపోటు చూపించుకుని, ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించుకోవాలి. బయటి హార్మోన్ వల్ల వృషణాల సొంత ఉత్పత్తి మందగిస్తుంది కనుక స్టెరాయిడ్ వాడేవారు దానిని మానే పద్ధతిని వైద్యుడినే అడగాలి. వ్యాయామంలో ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగి పడిపోయినా, మూత్రం నల్లటి టీ రంగులో వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ సూది పేరు దాచకుండా చెప్పాలి.