నడిసముద్రంలో ఓడ ఆచూకీ

గళ్ల నుడికట్టులో ‘ఓడ వేగానికి కొలమానం’ అన్న ఆధారం కనిపిస్తే ‘నాట్’ అని నింపి ముందుకు పోతాం. ఆ రెండు గళ్ల వెనక వందల ఏళ్ల నౌకా విజ్ఞానం ఉంది. ఎటు చూసినా నీళ్లే ఉన్నచోట, తానెక్కడున్నాడో నావికుడికి ఎలా తెలిసేది? ఎటు వెళ్తున్నాం, ఎంత వేగంతో, ఎంతసేపు? ఈ మూడూ తెలిస్తే చాలు, బయలుదేరిన రేవు నుంచి లెక్క కట్టి పటం మీద చుక్క పెట్టేవాడు. దీన్నే డెడ్ రెకనింగ్ అంటారు.

దిక్కుకు దిక్సూచి ఉంది, కాలానికి ఇసుక గడియారం ఉంది. చిక్కంతా వేగంతోనే. దానికోసం వచ్చిన సాధనం లాగ్. ఇంగ్లండుకు చెందిన విలియం బోర్న్ 1574లోనే తన నౌకాయాన గ్రంథంలో దీన్ని వివరించాడు. తరవాత స్థిరపడిన రూపంలో ఇది పావు వృత్తం ఆకారపు చెక్క. వంపు అంచుకు సీసం బిగించడంతో నీళ్లలో నిటారుగా నిలబడి, దాదాపు పడినచోటే ఉండిపోతుంది. ఓడ వెనక నుంచి ఒకరు దాన్ని జారవిడిస్తే, ఇంకొకరు దానికి కట్టిన ముడుల తాడు చుట్టిన కండెను పైకెత్తి పట్టుకుంటారు. మరొకరు ఇసుక గడియారం తిప్పుతారు. ఓడ సాగేకొద్దీ తాడు విడివడుతుంది. ఇసుక అయిపోగానే తాడు బిగబట్టి, ఎన్ని ముడులు జారాయో చెబుతారు. నాట్ అంటే ముడే. ఎన్ని ముడులో అన్ని నాట్‌లు!

కిటుకంతా ముడుల మధ్య దూరంలో ఉంది. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. అక్షాంశంలో ఒక నిమిషానికి దాదాపు సమానం. గంటకు ఒక నాటికల్ మైలు వెళ్లే ఓడ 28 సెకన్లలో 14.4 మీటర్లు సాగుతుంది. గడియారం 28 సెకన్లది. ముడికీ ముడికీ ఎడం సరిగ్గా అంతే, 47 అడుగుల 3 అంగుళాలు. నావికుడు గుణకారాలు చేయనక్కర్లేదు, ముడులు లెక్కపెడితే చాలు.

12 నాట్‌ల వేగంతో ఒక రోజు సాగిన ఓడ 288 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 533 కిలోమీటర్లు వెళ్తుంది. దిక్సూచి ఒక్క డిగ్రీ తేడా చూపినా ఆ దూరానికి ఓడ 5 నాటికల్ మైళ్లు పక్కకు తప్పుతుంది. ప్రవాహాలతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. లాగ్ నీటితో పోల్చిన వేగాన్నే చెబుతుంది. ఆ నీరే కదులుతుంటే దానికి తెలియదు. రెండు నాట్‌ల ప్రవాహం రోజులో ఓడను 48 నాటికల్ మైళ్లు మోసుకుపోతుంది. మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరంగా సాగి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి మళ్లుతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇప్పుడు సముద్ర ప్రవాహాలపై ముందస్తు సమాచారం అందిస్తోంది.

ఏ రోజు తప్పు ఆ రోజుతో పోదు, మర్నాటి లెక్కలో కలుస్తుంది. అందుకే తీరంలో కొండో దీపస్తంభమో కనిపిస్తే నావికుడు వెంటనే తన చుక్కను సరిదిద్దుకుంటాడు. తెల్లవారే ముందు, సంజవేళ నక్షత్రాల ఎత్తు కొలిచి సరిచూసుకుంటాడు.

ఇప్పుడు జీపీఎస్ ఉన్నా ఆ సంకేతాలు నీటి లోతుకు చేరవు. జలాంతర్గామి తన కదలికలను తనలోని పరికరాలతో కొలుచుకుంటూ ఇదే పద్ధతిలో తానున్న చోటును లెక్క కడుతుంది. నీటిపై ఓడలకూ ఆ సంకేతాలు అందకపోవచ్చు, తప్పుడువి అందనూవచ్చు. తెర మీద చుక్కకూ తన లెక్కకూ తేడా వచ్చినప్పుడు అనుమానించగలిగేది లెక్క తెలిసిన నావికుడే. నౌకాధికారుల శిక్షణలో ఈ పాఠం ఇప్పటికీ ఉండటానికి కారణం అదే.