జిరా క్వెరీ భాషతో ఆవశ్యకతల అన్వేషణ

జిరా క్వెరీ లాంగ్వేజ్ (సంక్షిప్తంగా జేక్యూఎల్) అనగా జిరా అను ప్రాజెక్టు నిర్వహణ సాఫ్టువేరులో నమోదైన అంశాలను వెదకుటకు వాడే ప్రశ్న భాష. ఒక వ్యవస్థ ఎలా పనిచేయవలెనో తెలిపే నియమాలను ఆవశ్యకతలు అంటారు. ప్రతి ఆవశ్యకతతో ఏ పనులు, ఏ లోపాలు, ఏ పరీక్షలు ముడిపడి ఉన్నాయో ఈ భాషతో తెలుసుకొనవచ్చు. ఏ ఆవశ్యకతకు పరీక్ష జతపడలేదో కనుగొనుట దీని ముఖ్య ప్రయోజనాలలో ఒకటి.

నేపథ్యం

ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థ జిరాను 2002లో విడుదల చేసింది. గాడ్జిల్లాకు జపాను భాషలో గల గొజిరా అను పేరు నుండి ఈ పేరు వచ్చింది. 2009లో వచ్చిన 4.0 వెర్షనులో జేక్యూఎల్ ప్రవేశపెట్టబడింది. జిరాలో నమోదయ్యే ప్రతి అంశాన్నీ ఇష్యూ అంటారు. అది లోపం కావచ్చు, పని కావచ్చు, ఆవశ్యకత కావచ్చు. 2025లో క్లౌడ్ వెర్షనులో ఈ పేరును వర్క్ ఐటమ్ అని మార్చారు.

ప్రాముఖ్యత

ఆవశ్యకతను పరీక్షతో ముడివేయుట ఎంత అవసరమో నెల్లూరు తీరాన జరిగిన ఒక సంఘటన తెలుపుతుంది. 2006 జూలై 10న శ్రీహరికోట (2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది) నుండి ఇన్సాట్-4సీ ఉపగ్రహంతో బయలుదేరిన జీఎస్ఎల్‌వీ-ఎఫ్02 రాకెట్టు, సుమారు ఒక నిమిషానికి అదుపు తప్పి బంగాళాఖాతంపై నాశనమైంది. నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్ దశలలో ఒకటి, నేల విడిచిన వెంటనే పనిచేయకపోవడమే ఇందుకు కారణం. ఆ ఇంజనులోని ఒక రెగ్యులేటరు, మూసి ఉన్న స్థితిలో కూడా హెచ్చు ప్రవాహాన్ని వదిలినదని విచారణ సంఘం తేల్చింది. తయారీలో దొర్లిన పొరపాటు తరువాతి తనిఖీలకు, అంగీకార పరీక్షలకు చిక్కలేదని కూడా పేర్కొన్నది. ఈ సంఘటనకు జిరాతో సంబంధం లేదు. ఇక్కడ ఉదాహరణగా మాత్రమే తీసుకొనబడింది.

వాక్య నిర్మాణం

జేక్యూఎల్‌లో ప్రతి షరతుకు మూడు భాగాలు కలవు: ఫీల్డు, ఆపరేటరు, విలువ. షరతులను అండ్, ఆర్ అను పదాలతో కలుపుతారు. ఈ రెండింటిలో అండ్ ముందుగా లెక్కింపబడుతుంది కనుక, అవసరమైన చోట కుండలీకరణాలు వాడవలెను. దిగువ క్వెరీలు తెలుగు లిపిలో చూపబడినవి. వాడునపుడు ఆంగ్ల అక్షరాలలో టైపు చేయాలి.

* టైప్ = రిక్వైర్‌మెంట్ అండ్ స్టేటస్ != డన్ ఆర్డర్ బై ప్రయారిటీ

ఇది పూర్తికాని ఆవశ్యకతలను ప్రాధాన్యతా క్రమంలో చూపుతుంది. రిక్వైర్‌మెంట్ అను రకాన్ని నిర్వాహకుడు ముందుగా సృష్టించి ఉండాలి.

లింకు ఉన్నవాటిని వెదకుట

"రెగ్యులేటరు మూసి ఉన్నపుడు ప్రవాహం పరిమితి దాటరాదు" అను ఆవశ్యకతకు ఆర్ఈక్యూ-7 అని సంఖ్య ఇచ్చామనుకుందాం. దానిని సరిచూసే పరీక్షలు కావలెనన్న ఇలా వ్రాయాలి:

* ఇష్యూ ఇన్ లింక్డ్‌ఇష్యూస్("ఆర్ఈక్యూ-7", "ఈజ్ టెస్టెడ్ బై")

ప్రతి లింకుకు రెండు దిశలు, రెండు పేర్లు ఉంటాయి. ఆవశ్యకత వైపు నుండి చూస్తే "ఈజ్ టెస్టెడ్ బై", పరీక్ష వైపు నుండి చూస్తే "టెస్ట్స్". పేరు తారుమారైతే కోరిన ఫలితం రాదు. ఈ లింకు రకం కూడా జిరాలో ముందుగా ఉండదు. నిర్వాహకుడు గాని, పరీక్షల కొరకు అమర్చుకొనే అనుబంధ సాఫ్టువేరు గాని చేర్చాలి.

లింకు లేనివాటిని వెదకుట

పై క్వెరీ ఒక్కొక్క ఆవశ్యకతకే పనికివస్తుంది. వందల ఆవశ్యకతలు ఉన్నపుడు, దేనికి పరీక్ష లేదో తెలియుటే ముఖ్యం. క్లౌడ్ వెర్షనులో ఏ లింకూ లేనివాటిని ఇలా పొందవచ్చు:

* టైప్ = రిక్వైర్‌మెంట్ అండ్ ఇష్యూలింక్‌టైప్ ఈజ్ ఎంప్టీ

కాని ఒక ఆవశ్యకతకు వేరొక పనితో లింకు ఉండి, పరీక్షతో లేకపోతే అది ఈ జాబితాలో కనబడదు. స్క్రిప్ట్‌రన్నర్ అను అనుబంధ సాఫ్టువేరులోని హ్యాజ్‌లింక్స్ ఫంక్షను ఈ కొరతను తీరుస్తుంది:

* టైప్ = రిక్వైర్‌మెంట్ అండ్ ఇష్యూఫంక్షన్ నాట్ ఇన్ హ్యాజ్‌లింక్స్("ఈజ్ టెస్టెడ్ బై")

ఖాళీ ఫీల్డుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అసైనీ != కరెంట్‌యూజర్() అని వ్రాస్తే, ఎవరికీ అప్పగించని ఇష్యూలు ఫలితంలో రావు. అవి కూడా కావలెనన్న ఆర్ అసైనీ ఈజ్ ఎంప్టీ అని చేర్చాలి.

పరిమితులు

క్వెరీ లింకు ఉన్నదో లేదో మాత్రమే చెప్పగలదు. ఆ పరీక్ష లోపాన్ని పట్టగలదో లేదో చెప్పలేదు. జీఎస్ఎల్‌వీ-ఎఫ్02 విషయంలో తనిఖీలూ పరీక్షలూ జరిగినా పొరపాటు తప్పించుకొన్నది. అందుచేత పరీక్ష లేని ఆవశ్యకతల జాబితా ఖాళీగా వచ్చినంత మాత్రాన పని ముగిసినట్లు కాదు. జతపడిన ప్రతి పరీక్షా తగినదేనా అని మనుషులే పరిశీలించవలెను.

ఇవి కూడా చూడండి

* సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం
* జీఎస్ఎల్‌వీ
* సాఫ్టువేరు పరీక్ష