చిలక పలుకులేనా?

అర్థం తెలియకుండా వల్లించే పిల్లల్ని చూసి "చిలక పలుకులు" అనేస్తాం. ఐరీన్ పెపర్‌బర్గ్ గారి సంగతి చదివాక ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఈమె 1976లో హార్వర్డ్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నారు. మరుసటి ఏడే షికాగోలో ఒక దుకాణంలో ఏడాది వయసున్న ఆఫ్రికా బూడిదరంగు చిలకను కొని, అలెక్స్ అని పేరు పెట్టి, దానికి మాటలు నేర్పడానికి కూర్చున్నారు. ఇంత చదువూ చదివి చిలకతో కబుర్లా అని చుట్టూ ఉన్నవారు నవ్వే ఉంటారు!

ఆమె పద్ధతే నాకు ముచ్చటేసింది. చిలక ఎదుట ఇద్దరు మనుషులు కూర్చుంటారు. ఒకరు తాళంచెవి చూపి "ఇదేమిటి?" అంటారు. రెండోవారు సరిగ్గా చెబితే తాళంచెవి వారి చేతికొస్తుంది; తప్పితే దాచేస్తారు. తరువాత పాత్రలు మారతాయి. చూస్తున్న చిలకకు పోటీ పుట్టి తానూ నోరు విప్పుతుంది. బహుమానం జామపండో, గింజో కాదు, పేరు చెప్పిన ఆ వస్తువే. అందుకే మాటకూ వస్తువుకూ ముడి పడుతుంది.

అలా అలెక్స్ యాభై దాకా వస్తువుల పేర్లు, ఏడు రంగులు, అయిదు ఆకారాలు నేర్చింది. నేర్పినవారు కాక వేరేవారు పరీక్షించినా సరిగ్గానే చెప్పేది. యాపిల్‌కి "బనెరీ" అని సొంతపేరు పెట్టుకుంది. అరటికీ చెర్రీకీ ఉన్న ఇంగ్లీషు పేర్లను కలిపేసిందన్నమాట. ఒకసారి పళ్ళెంలో రెండు, మూడు, ఆరు చొప్పున వస్తువులు పెట్టి ఏదో అడిగితే "అయిదు, అయిదు" అని మొండికేసింది. సరే, అయిదు ఉన్నవి ఏ రంగని అడిగితే "ఏదీ లేదు" అంది! ఇంతా చేసి, ఇది భాష అని మాత్రం పెపర్‌బర్గ్ గారు ఎన్నడూ అనలేదు.

మా పొలసరలో వీధిలో ఒడియా, బడిలో ఒడియా. తెలుగు గడప లోపలే. మనవరాలికి పద్యం వల్లె వేయించడంలోనే మా ఓపికంతా అయిపోయేది. దాహమేస్తే మాత్రం "పాణి" అనేది. ఇప్పుడు నేనూ మా ఆవిడా దాని ఎదుట తెలుగులోనే "మంచినీళ్ళు కావాలి", "ఇదిగో" అని ఇచ్చిపుచ్చుకుంటున్నాం. మొన్న మా ఇద్దరి మధ్యా దూరి "నాకు!" అంది. ఒక్క మాటే లెండి.

అలెక్స్ 2007 సెప్టెంబరు 6న, 31వ ఏట కన్నుమూసింది.

ఇది చదివి పిల్లలు రామచిలకను కొనిపెట్టమంటే ఒప్పుకోకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన చిలకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. మామిడితోటకు తీసుకెళ్ళి చూపించండి.