కానరాని కండరములకు వ్యాయామము

దగ్గినను, తుమ్మినను కొందరు స్త్రీలకు, ముఖ్యముగా ప్రసవించినవారికి, మూత్రము జారును. సిగ్గుచే పలువురు చెప్పుకొనరు. కటి అడుగున ఉయ్యాలవలె అమరిన కండరములు మూత్రాశయమును మోయుచుండును; అవి సడలినచో దగ్గు ఒత్తిడికి మూత్రమార్గము మూసికొని నిలువజాలదు.

ఈ కండరములకు వ్యాయామమే మొదటి చికిత్స. అయితే చేతి కండ ఉబ్బుట కంటికి కనబడును, ఇవి కనబడవు. బిగింపుమన్నచో కొందరు పొట్టను, తొడలను బిగింతురు. కొందరు క్రిందికి ముక్కుదురు, అది కీడే. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వర్ణించిన సాధనములో యోనియందుంచు గాలితిత్తి ఒకటి, దానితో కలిసిన పీడనమాపకము ఒకటి. బిగింపు బలమును ముల్లు చూపగా రోగి తన పొరపాటును తానే దిద్దుకొనును.

నేడు పలుచోట్ల వైద్యులు వ్రేలితోనే పరీక్షించి బిగింపు సరియో కాదో తెలుపుదురు. అపానవాయువును ఆపుకొనునట్లు బిగించి వదలవలెను: పూటకు 8 మారులు, దినమునకు 3 పూటలు, కనీసము 3 నెలలు.