పెద్ద వయసులో ఫిగర్ స్కేటింగ్

"మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెతను మనవారు సమస్త విద్యలకును వర్తింపజేయుదురు. సంగీతమునకు, ఈతకు, సైకిలు త్రొక్కుటకు సైతము బాల్యమే తగిన కాలమని మన నమ్మకము. మంచుగడ్డపై చేయు ఫిగర్ స్కేటింగ్ విషయమున చలిదేశములవారు గూడ చాలకాలము ఇట్లే తలచిరి. ఐనను ముప్పది, నలువది, అరువది యేండ్లు వచ్చిన పిమ్మట తొలిసారి స్కేట్లు తొడుగుకొనువారు అమెరికా, కెనడా, ఐరోపా దేశములలో పెక్కుమంది కలరు. అమెరికాలో పెద్దలకు ప్రత్యేకముగా జాతీయ పోటీలు 1995లో మొదలైనవి. జర్మనీలోని ఓబర్‌స్ట్‌డార్ఫ్ పట్టణమున పెద్దల అంతర్జాతీయ పోటీలు 2005లో ఆరంభమైనవి. కావున మాను వంగుచునే యున్నది. ఎట్లు వంగుచున్నదో తెలియవలెనన్న ముందుగా స్కేటు నిర్మాణమును గమనింపవలెను.

బూటు అడుగున నుండు ఉక్కు బ్లేడు సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు గలది. చూచువారికది కత్తివలె తోచును గాని, దాని అడుగుభాగమును సానబట్టి పొడవునా సన్నని గాడి చేయుదురు. అందువలన దానికి రెండు అంచు లేర్పడును: పాదమునకు లోపలివైపున ఒకటి, వెలుపలివైపున ఒకటి. పొడవునను అది చదునుగా నుండక, ఊగుడు కుర్చీ కాలివలె స్వల్పముగా వంగి యుండును. ముందుకొనయందు రంపపు పండ్లవంటివి కలవు. ఇవి గంతులకు, గిరికీలకు సాయపడునే గాని ఆగుటకు పనికిరావు. క్రొత్తవారిని బోర్లా పడవేయునవి తరచుగా నివియే.

మంచు ఏల జారునను ప్రశ్నకు, మనిషి బరువునకు అది కరగుటచేతనని పలువురు చెప్పుదురు. ఆ సమాధానము చాలదు. ఉపరితలమునందలి అణువులు లోపలివాటివలె గట్టిగా కట్టుబడక చలించుచుండుటయు, రాపిడివలన పుట్టు వేడియు ముఖ్య కారణములు.

ఇక అసలు విషయము. స్కేటరు నిటారుగా నిలిచినచో రెండంచులును మంచును తాకును. అప్పుడతడు తిన్నగా పోవును. ఒక ప్రక్కకు ఒరగినచో ఒకే అంచు మంచును పట్టును, దారి దానంతటదియే వంపు తిరుగును. మలుపు వద్ద సైకిలుతో పాటు మనమును లోపలికి ఒరగుదుము గదా, ఇదియు నట్టిదే. ఫిగర్ స్కేటింగ్ విద్య యంతయు ఈ ఒరగుటలోనే యున్నది. పిల్లవాడు దీనిని ఆలోచింపక చేయును. వాని తల నేలకు దగ్గర, బరువు తక్కువ, పడినను క్షణములో లేచును. పెద్దవాని సంగతి వేరు. చేయి విరిగినచో రేపు ఉద్యోగమునకు ఎట్లు పోవుటయని అతని బుద్ధి ముందే హెచ్చరించును. ఆ భయముతో అతడు మోకాళ్లు బిగించును, నడుము వంచును, పాదముల వైపు చూచును. ఈ మూడును అపాయకరములే. తల వంగిన కొలది బరువు ముందునకు పోయి ఆ రంపపు పండ్లపై పడును. కావుననే శిక్షకులు మోకాళ్లను, చీలమండలను వంచుమనియు, నడుమును నిలుపుమనియు, చూపును దూరమున నుంచుమనియు పదేపదే చెప్పుదురు. వంగవలసినది మానే, కాని వంగవలసిన చోట వంగవలెను.

ఈ కారణముచేతనే మొదటి పాఠము నిలుచుట కాదు, పడుట. అరచేతులు చాచి పడినచో ముంజేతి యెముక విరుగు ప్రమాదము కలదు. పడక తప్పదని తోచినప్పుడు మోకాళ్లు వంచి, శరీరమును నేలకు దగ్గర చేసి, చేతులను దగ్గరగా ముడిచి ప్రక్కకు ఒరిగి తుంటిపై పడవలెను. పిదప మోకాళ్లపై నిలిచి, ఒక పాదమును ముందుంచి, ఆ మోకాలిపై చేతు లానించి లేవవలెను. పడ్డవారు చెడ్డవారు కారను మన సామెత ఇక్కడ అక్షరాల సత్యము. నిజమునకు దెబ్బకంటె సిగ్గే పెద్దలను ఎక్కువగా వెనుకకు లాగును. ఆరేండ్ల పాప ప్రక్కనుండి వెనుకకు జారుచు పోవుచుండగా, ఐదు పదుల పెద్దమనిషి గోడ పట్టుకొని నిలుచుట సులభము కాదు.

బూట్ల ఎంపికయు ముఖ్యమే. అద్దె బూట్లు వాడి వాడి మెత్తబడి చీలమండను నిలుపలేవు. అట్లని గొప్ప గంతులు వేయువారికై చేసిన కరుకు బూట్లు కొన్నచో, చీలమండ వంగక నేర్చునది నేర్వకుండ పోవును. సిమెంటు నేలపై నడచునప్పుడు బ్లేడుకు తొడుగు వేయనిచో అంచులు పాడగును; ఆట ముగియగనే తుడువనిచో త్రుప్పు పట్టును.

రెండు పాదములపై జారుట, ఒక పాదముపై జారుట, ఆగుట కుదిరిన పిమ్మట వంపులు నేర్తురు. ఒకే పాదముపై ముందునకు పోవుచు వెనుకకు తిరిగినచో మంచుపై 3 అంకె పడును. ఇట్టి ఆకృతులనుండియే ఈ విద్యకు ఫిగర్ స్కేటింగ్ అను పేరు వచ్చినది. అంతర్జాతీయ పోటీలలో వీటిని గీయుట 1990 వరకు నిర్బంధముగా నుండెను. ఓపిక గల పెద్దలకు ఇది మిక్కిలి అనువైన భాగమని నా యభిప్రాయము. ముప్పది దాటి మొదలిడినవారు గాలిలో రెండు చుట్లు తిరుగుట అరుదే. కెనడా పక్షమున 2024లో మాంట్రియల్ నగరమున, నలువదవ యేట, జంటల ప్రపంచ విజేతయైన డియానా స్టెల్లాటో-డ్యూడెక్ చిన్ననాడే నేర్చి, హెచ్చు కాలము మాని, తిరిగి వచ్చినది గనుక ఆమెను ఇక్కడ ఉదాహరింప జెల్లదు. కాని ఒక చుట్టు గంతు, నిలిచి తిరుగు గిరికీ, మంచుపై నాట్యము పెద్దలకు అందరానివి కావు.

మన దేశమునను ఈ విద్యకు తావు లేకపోలేదు. సిమ్లాలో 1920లో ఏర్పడిన స్కేటింగ్ రింకు సహజమైన చలినే నమ్ముకొని పేరు గాంచినది. ఆకాశము నిర్మలమై రాత్రి చలి ముదిరిననే నీరు గడ్డకట్టును గనుక, అచ్చట ఏటేటా ఎన్ని దినములు ఆడవచ్చునో ముందుగా ఎవరును చెప్పలేకుండిరి.